నేను నడవని పావు కిలోమీటరు

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు నేను పనిచేసే మండల కేంద్రం మున్సిపాలిటీ అయింది. ఆఫీసు బోర్డు మారింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. అంతకుముందు ఫ్లోరైడు నీళ్లకు భయపడి, తాగే నీళ్లను చెంబులతో కొలిచి వాడుకున్న ఊరది. ఇప్పుడు పైపు పట్టి వాకిలి కడుగుతున్నారు, పెరట్లో స్నానాల గదులు లేస్తున్నాయి. వాడిన నీళ్లు ఎటు పోవాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు. అడగాల్సిన ఉద్యోగం నాదే. నేనక్కడ అసిస్టెంట్ ఇంజనీరును. ఊరి పేరు రాయను. భువనగిరిలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని.

ఊరికి మురుగునీటి పథకం తయారుచేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు నేల ఎత్తుపల్లాలు కొలిచే పని నాకిచ్చారు. మురుగు పైపుకు వాలే ప్రాణం. వాలు సరిగ్గా ఉంటే మోటారు అక్కర్లేకుండా నీళ్లు తమంతట తామే పోతాయి. వాలు తప్పితే ఎంత మంచి పైపు వేసినా దండగే. యంత్రం మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి నేను చూస్తుంటే, అంకెలున్న పొడుగాటి కర్రను పట్టుకుని చైన్‌మన్ ఎదురుగా నిలబడేవాడు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. నేనాయనను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవాడు.

తొమ్మిది రోజుల్లో ఊరంతా కొలిచాం. పదో రోజు దక్షిణం వైపు చివరికి చేరాం. అక్కడొక కాలనీ ఉంది. ఒకప్పుడు గుంట భూమి కూడా లేని కుటుంబాలకు సర్కారు ఇచ్చిన జాగా. ఎవరికీ అక్కర్లేని పల్లం కాబట్టే వాళ్లకిచ్చారని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కాలనీ దాటాక చెరువు దాకా పావు కిలోమీటరు సర్కారు తుమ్మ పొదలు. మే నెల, మిట్టమధ్యాహ్నం. యంత్రంలోంచి చూస్తే ముళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"లోపలికి పోలేమా అన్నా?" అని అడిగాను.

"పోవచ్చు మేడమ్, గొడ్డలి కావాలె. రేపు తెచ్చుకుందం."

కానీ మరుసటి రోజు ఆఫీసులో మీటింగు పెట్టారు. మర్నాటికి పట్టిక కావాలన్నారు. కాలనీ చివర ఎత్తు నా దగ్గరుంది, రోడ్డు వైపు నుంచి వెళ్లి కొలిచిన చెరువు కట్ట దగ్గరి ఎత్తు కూడా ఉంది. కట్ట దగ్గర నేల కిందికే ఉంది. రెండు చివరలూ తెలిసినప్పుడు మధ్యలో ఏముంటుందిలే అనుకున్నాను. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, రెండు అంకెల మధ్య సమంగా తగ్గుతూ పోయేలా పన్నెండు అంకెలు రాశాను. ఆ పావు కిలోమీటరు నేను నడవలేదు.

పట్టిక హైదరాబాద్ వెళ్లింది. అక్కడి కన్సల్టెంట్లు దాని మీద రంగురంగుల ప్లాను గీసి పంపారు. ఊరి మురుగంతా కాలనీ అంచున కలిసి, తుమ్మల కింద నుంచి సాగి, చెరువు పక్కన కట్టబోయే ఒకే ఒక పెద్ద శుద్ధి కేంద్రానికి చేరుతుంది. కౌన్సిల్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చలికాలంలో ఆ కేంద్రానికి జాగా గుర్తు పెట్టడానికి ఒంటరిగా వెళ్లాను. గొర్లు తొక్కి చేసిన సన్నటి దారి ఒకటి తుమ్మల మధ్య కనిపిస్తే దాని వెంట నడిచాను. కొంచెం దూరం వెళ్లాక పొదలు తెరిపినిచ్చి, నల్లటి బండ పరుపు బయటపడింది. దాని మీద గొర్ల మంద పడుకుని ఉంది. ఒక ముసలాయన గొంగడి పరుచుకుని సద్ది తింటున్నాడు.

"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు.

"ఊరి మురుగునీళ్లు శుభ్రం చేసే కేంద్రం కడతం తాతా. నీళ్లన్నీ కాలనీ కాడికెల్లి గిట్ల చెరువు దిక్కు వస్తయి."

ఆయన ముద్దను చేతిలోనే ఆపి చెరువు వైపు చూశాడు, తర్వాత కాలనీ వైపు చూశాడు.

"గా కాలనీ కాడికెల్లి గీడికా? నీళ్లు గిటు ఎన్నడన్న వచ్చినయా?"

"చెరువు పల్లంల ఉంది గద తాతా."

"చెరువు పల్లమే. నడిమిట్ల గీ బండ లేదా? వాన పడితే జీవాలను గీడికే తోలుకొస్త. సుట్టూ మోకాలు మందం నీళ్లున్నా గీడ డెక్క తడవది. నీళ్లు బండకు తాకి తూర్పుకు మర్లుతయి. ఆడ వాన నీళ్లు పోయే ఒర్రె ఉండె. పలాట్లోల్లు మట్టి కొట్టి పూడ్సిన్రు. నీకెవలు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు అనలేకపోయాను. నేను ఎవరినీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. యంత్రం తీసుకెళ్తే ఆఫీసులో ఎందుకని అడుగుతారు. అందుకని ఒక మేస్త్రీ దగ్గర నీళ్ల ట్యూబు అడిగి తీసుకున్నాను. తెల్లటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి రెండు చివరలూ ఎత్తి పట్టుకుంటే, నేల ఎలా ఉన్నా రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఇల్లు కట్టేవాళ్లంతా వాడేది అదే. ఒక కొస ముసలాయన చేతికిచ్చాను. రెండోది నేను పట్టుకుని, ట్యూబు అందినంత దూరం పోవడం, కర్ర మీద గుర్తు పెట్టడం, మళ్లీ ముందుకు జరగడం. గొర్లు మా చుట్టూ మేస్తున్నాయి. ఒకటి ట్యూబును నోట కరిస్తే ఆయన కసిరాడు. కాలనీ అంచు నుంచి బండ మీదికి చేరాక గుర్తులన్నీ కలిపి చూసుకున్నాను. నేను నిలబడి చెయ్యి పైకెత్తితే ఎంత ఎత్తో, కాలనీ నేల కంటే బండ అంత ఎత్తుంది. ఆ పైన, పైపును నేలలో లోతుగా పాతాలి. అంటే రెండు నిలువుల గట్టి రాయిని పావు కిలోమీటరు పొడవునా పగలగొట్టాలి. లేదంటే ఊరి మురుగంతా బండకు తగిలి కాలనీలోకే వెనక్కి వస్తుంది.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అన్నాడు ఆయన.

"తప్పు రాసిన తాతా."

"కొట్టేసి మల్ల రాయి," అన్నాడు, అదేదో పలక మీద రాసినట్టు.

ఆ తర్వాత రెండు వారాలు నేనెవరికీ చెప్పలేదు. నా ప్రొబేషన్ పూర్తి కాలేదు. మా ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం నాది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేక నిలబడి వెళ్లేదాన్ని. అన్నం కలిపి, లేచి కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చేసరికి కూర చల్లారేది. దారిన పోతూ ప్రతి మోరీని వంగి చూసేదాన్ని, నీళ్లు ఎటు పోతున్నాయోనని. కాలనీలో ఎవరైనా నమస్తే మేడమ్ అంటే చెప్పు తెగినట్టు తడబడేదాన్ని. ఎవరైనా కనిపెడితే బాగుండుననీ, ఎవరూ కనిపెట్టకపోతే బాగుండుననీ రెండూ ఒకేసారి అనిపించేది.

ఒక ఆదివారం మేళ్లచెరువు దగ్గర మా ఇంటికి వెళ్లాను. నాయిన అక్కడి సున్నపురాయి క్వారీలో పాతికేళ్లకు పైగా కూలిపని చేసి, ఊపిరి సరిగా ఆడక మానుకున్నాడు. చర్చి నుంచి వచ్చాక నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"వచ్చినకాడికెల్లి కాలు నిలుస్తలేదు నీకు. నౌకరీల ఏమన్న అయిందా?"

చెప్పాను. పన్నెండు అంకెల గురించీ, బండ గురించీ, ముసలాయన గురించీ. నాయిన చాలాసేపు దగ్గాడు. తర్వాత అన్నాడు.

"క్వారీల మందు పెట్టి పేలుస్తం గద. పది బొక్కలల్ల పెడితే ఒక్కోసారి తొమ్మిదే పేలుతయి. లెక్కపెట్టినోనికి తెలుస్తది. ఆడు నోరు తెరువకపోతే తెల్లారి సుత్తె తీస్కోని దాని మీదికి పోయేటోడు ఇంకొకడు. ఆడు ఉండడు. నేను గిట్ల ఒకన్ని సూసిన బిడ్డా."

"నౌకరి పోతే నాయినా?"

"పోతే పోయింది. గా కాలనీల ఉన్నోల్లు ఎవలనుకున్నవ్? మనసొంటోల్లే."

సోమవారం పొద్దున్నే మా డీఈ గారి గదికి వెళ్లాను. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆయన, నా పై అధికారి. మూడు మున్సిపాలిటీల పని ఒక్కడే చూసేవాడు. నేను చెప్పినదంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడా చెప్పేది? ఫైలు పైకి పోయింది. కౌన్సిల్ తీర్మానం అయింది."

"తప్పు నాదే సార్. నేను నడవలేదు."

"అది నాకు అర్థమైంది." ప్లాను నకలు తీసి బల్ల మీద పరిచాడు. "సరే. కాలనీ దగ్గర పంపు పెడదాం. బండ మీదికి ఎత్తి అవతల వదులుదాం. ప్లాను మార్చే పని ఉండదు."

ఆ మాట నాకూ తట్టింది. రెండు వారాలూ దాన్నే పట్టుకుని ఊరట పడాలని చూశాను.

"వాన పడితే మన దగ్గర ముందుగాల పోయేది కరెంటే గద సార్. పంపు అవసరం పడేది అప్పుడే, ఆగిపోయేది కూడా అప్పుడే. ఆగితే ఊరంతటి మురుగు ఆ నలభై ఇండ్లల్ల చేరుతది."

"జనరేటర్ పెడదాం."

"దాంట్ల డీజిల్ ఎవరు పోస్తరు సార్, పదేండ్ల తర్వాత?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తెల్ల కాగితం ఒకటి నా వైపు తోశాడు. "రాసివ్వు. నీ తప్పు కూడా రాయి. అది దాచిపెట్టి మిగతాది రాస్తే ఎవరూ నమ్మరు."

రాసిచ్చాను. పైనుంచి నాకు మెమో వచ్చింది, ప్రొబేషన్ పొడిగించారు. ప్లాను గురించి మాత్రం ఏ జవాబూ రాలేదు. పని మొదలుపెట్టమనీ అనలేదు, ఆపమనీ అనలేదు. ఎండాకాలం పోయి వానాకాలం వచ్చింది. ఆకాశంలో మబ్బు కనబడితే పని వదిలి ఆఫీసు వాకిట్లోకి వచ్చి చూసేదాన్ని.

ఆ ఏడు పెద్ద వాన బతుకమ్మ పండుగకు కొన్ని రోజుల ముందు పడింది. రాత్రంతా పడి, తెల్లారి కూడా ఆగలేదు. బస్సులు తిరగలేదు. ఒక పాల వ్యాను ఆపి, డబ్బాల మధ్య కూర్చుని ఊరు చేరాను. కాలనీ మొదట్లోనే మోకాళ్ల దాకా నీళ్లు. ఇంకా పైపు ఒక్కటి కూడా వేయలేదు. అయినా పై ఊరి మోరీల నీళ్లన్నీ అక్కడికే దిగుతున్నాయి. ముసలాయన చెప్పినట్టే బండకు తగిలి తూర్పుకు తిరిగి, పూడ్చేసిన ఒర్రె దగ్గర దారి లేక వెనక్కి వస్తున్నాయి. ఇళ్ల వెనక మరుగుదొడ్ల గుంతలు నిండి, లోపలి బేసిన్ల నుంచి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. మంచాల మీద పొయ్యి, పొయ్యి మీద బియ్యం మూట. ముక్కుకు కొంగు కట్టుకున్న ఆడవాళ్లు గిన్నెలతో నీళ్లు ఎత్తి బయట పోస్తున్నారు. బయట కూడా అవే నీళ్లు.

ఆ కాలనీలోనే ఉండే అంగన్‌వాడీ టీచర్ నన్ను చూసి ఎదురొచ్చింది. నా వయసే ఉంటుంది.

"నల్లాలిచ్చి ఫోటోలు తీస్కున్నరు గద మేడమ్. వచ్చే నీళ్లకు తొవ్వ ఏసిన్రు. పోయే నీళ్లకు ఏది? మా పిల్లలు గీ నీళ్లల్లనే నడువాల్నా?"

పక్కనే చైన్‌మన్ వచ్చి నిలబడ్డాడు, ప్యాంటు పైకి మడుచుకుని. ఆయనను చూశాక చెయ్యాల్సిన పని గుర్తుకొచ్చింది.

"అన్నా, ఎర్ర రంగు డబ్బా దొరుకుతదా?"

కిరాణా కొట్టు వెనక నుంచి తెచ్చాడు. ఇంటింటికీ వెళ్లి, గోడ మీద నీళ్లు ఎంత దాకా వచ్చాయో అక్కడ ఎర్ర గీత పెట్టాం. మొదట కొందరు తిట్టారు. మునిగిన ఇంటికి ముగ్గేస్తున్నరా అంది ఒకామె. టీచర్‌కు సంగతి అర్థమై ముందు నడవసాగింది. "గీతలు పెట్టనియ్యిర్రి. రేపు నీళ్లు పోయినంక ఎవడు వచ్చినా, గింత రాలేదు అనకుండ," అని తనే అందరికీ చెప్పింది. నలభై ఇళ్లలో ముప్పై ఆరు ఇళ్లకు గీత పడింది. నీళ్లు తీశాక యంత్రం పెట్టి ప్రతి గీత ఎత్తునూ కొలిచాను. ఈసారి గొడ్డలి కూడా తీసుకెళ్లాం. తుమ్మలు నరికి, ప్రతి పది అడుగులకూ కర్ర నిలబెట్టాం. నా పట్టికలో ఊహించి రాసిన అంకె ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ పట్టిక తీసుకుని డీఈ గారు స్వయంగా హైదరాబాద్ వెళ్లారు. పది రోజులకు అక్కడి నుంచి ఒక పెద్ద ఇంజనీరు వచ్చారు. బండ మీద నిలబడి, "ఇది ముందు ఎవరు గుర్తించారు?" అని అడిగారు. నేను ముసలాయనను చూపించాను. ఆయన గొంగడి భుజాన వేసుకుని దూరంగానే నిలబడ్డాడు. పెద్ద ఇంజనీరు తనే దగ్గరికి నడిచి వెళ్లి, "మీరైతే ఏం చేస్తరు పెద్దాయనా?" అన్నారు.

"నేనేం సేస్త సారూ. ఒర్రె తెరువుర్రి. నీల్ల తొవ్వ నీల్లకియ్యిర్రి. ఇంకొక మాట. మీ మురుగు చెరువుల కలుపకుర్రి. నా జీవాలు తాగేది ఆడనే."

కొత్త ప్లాను దాదాపు ఆ మూడు మాటల మీదే తయారైంది. ఒకే పెద్ద కేంద్రం ఆలోచన వదిలేశాం. పై ఊరి మురుగు ఊరికి అవతలి వైపున్న మరో వాలు వెంట ఉత్తరానికి, అక్కడొక చిన్న కేంద్రం. కాలనీకి విడిగా మరొకటి, బండకు ఇవతలే. ఇళ్ల గుంతల్లో మడ్డి కిందికి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రం సన్న పైపుల్లో వస్తాయి. కంకర పరిచి మెట్ట తామర నాటిన మడుల్లోంచి మెల్లగా పారి శుభ్రపడతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. గుంతల్లోని మడ్డిని ట్యాంకరు తీసుకెళ్లి ఎండబెట్టే చోటు వేరే. ఆ మడుల నీళ్లు చెరువుకు కాక కింది తోటలకు. వాన నీళ్లకు ఒర్రె. మురుగుకూ వానకూ ఒకే దారి ఉండకూడదని కాగితం మీద చదివింది పదేళ్ల కిందట, అర్థమైంది ఆ కాలనీలో.

ఒర్రె తెరవడమే కష్టమైంది. ప్లాట్లు కొన్నవాళ్లు కూడా అప్పుచేసి కొనుక్కున్న చిన్న టీచర్లు, డ్రైవర్లే. వాళ్ల ముందు నిలబడి ఇది నీళ్ల జాగా అని చెప్పడం నాకు సులువుగా లేదు. చివరికి సగం వెడల్పే తెరిచారు. సగంతో సరిపోదని రాసిచ్చాను. ఆ కాగితం ఇంకా ఎక్కడో ఉంటుంది.

కాలనీ పని సగంలో ఉండగా నాకు మహబూబ్‌నగర్ వైపు బదిలీ అయింది. వెళ్లే ముందు మడుల ప్రహరీకీ ఒర్రెకూ మధ్య ఎడ్లబండి పట్టేంత దారి ప్లానులో గీశాను, గొర్లు బండ దాకా పోవడానికి. ముసలాయనకు చూపించి మాటిచ్చాను కూడా. నేను వెళ్లాక గోడ కట్టిన కాంట్రాక్టరు, నేల వంకరగా ఉందని ఆ దారినీ కలుపుకుని తిన్నగా కట్టేశాడు. టీచర్ ఫోన్ చేసి చెబితే సెలవు పెట్టి వెళ్లాను. ముసలాయన రోడ్డు పక్కన మందను ఆపి, లారీలు పోయే దాకా చూస్తున్నాడు.

"తాతా, నేను దారి గీసిన. నిజంగ గీసిన."

"నువ్వు గీసినవ్, ఆల్లు కట్టిన్రు. నడిమిట్ల నా జీవాలు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. మందను అదిలించుకుని రోడ్డు దాటాడు. నేను రాసిన ఉత్తరాలకు ఫలితంగా ఆ గోడకు ఒక గేటు పెట్టారు. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. అడిగి తీయించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఇప్పటికీ చుట్టూ తిరిగే పోతాడని విన్నాను. నా ఉద్యోగంలో నేను సరిదిద్దలేకపోయినవాటిలో అదొకటి.

కాలనీ మడులు పనిచేస్తున్నాయి. ఆ తర్వాత మళ్లీ ఒక ఏడు ఒకటిన్నర రోజు ఆగకుండా వాన పడినప్పుడు, ఇక్కడ పాలమూరులో నేను గంటకోసారి ఫోన్ చూసుకుంటూ ఆఫీసు వరండాలో తిరిగాను. మధ్యాహ్నం టీచర్ ఫోన్ చేసింది.

"బజాట్లకు వచ్చినయి మేడమ్. గడప దాటలే. గీసారి బేసిన్లు కూడ పొంగలే."

"ఒర్రె?"

"ఒరుసుకోని పోతాంది. ఇంకో జానెడు లేస్తే పలాట్లల్ల పడతది."

సంతోషించాను, కాని కూర్చోలేకపోయాను. ఉత్తరాన కట్టాల్సిన పై ఊరి కేంద్రం ఇంకా కాగితం మీదే ఉంది.

ఇప్పుడు నేనున్న పట్టణానికి కూడా మురుగు ప్రణాళిక వేస్తున్నాం. ఇక్కడ బండల కష్టం తక్కువ, మనుషుల లెక్క కష్టం. పొద్దున్నే వాడల్లో నడుస్తుంటే వరసగా నాలుగైదు ఇళ్లకు తాళాలుంటాయి. మొన్న ఒక తలుపు ముందు నిలబడి ఉంటే పక్కింటి అవ్వ పలికింది.

"పనికి పోయిన్రు బిడ్డా, పిల్లజెల్లతోని. దసరాకొస్తరు."

"ఎంతమంది ఉంటరవ్వా వాళ్లింట్ల?"

"ఇప్పుడైతే ఎవలు లేరు. పండుగకు పన్నెండు మంది."

పైపు ఎవరి లెక్కకు వేయాలి? పన్నెండు మందికి వేస్తే ఏడాదంతా నీళ్లు చాలక మడ్డి ఎండి పూడుకుంటుంది. లేనివాళ్లను లెక్కలోంచి తీసేస్తే పండుగనాడు వాడంతా పొంగుతుంది. కొందరు తోటి ఇంజనీర్లు జనాభా లెక్కల పుస్తకం చాలదా అంటారు. చాలదు. నోట్‌బుక్కులో ఆ ఇంటి ముందు రెండు అంకెలు రాసుకున్నాను, ఒకటి ఇప్పటిది, ఒకటి దసరాది. అవ్వ ఇచ్చిన నీళ్లు తాగి పక్క తలుపు తట్టాను.